సైనిక పోస్టింగ్‌పై విదేశానికి వెళ్తున్నప్పుడు మీ ఉద్యోగం ఏం చేయాలి: నాలుగు దారుల పోలిక

అమెరికా సైన్యంలో పనిచేసే వ్యక్తికి విదేశీ పోస్టింగ్ ఆర్డర్లు వచ్చిన రోజున ఇంట్లో మాటలన్నీ సామాను గురించి, కారు గురించి, పిల్లల బడి గురించి నడుస్తాయి. ఆ వ్యక్తి భార్యో భర్తో అప్పటిదాకా చేస్తున్న ఉద్యోగం ఏమవుతుందన్న ప్రశ్న అన్నిటికంటే చివర్న, చాలా ఇళ్లలో టికెట్లు చేతికి వచ్చాక, వస్తుంది. మా ఇంట్లోనూ అలాగే జరిగింది. హైదరాబాద్‌లో బీటెక్ చదివి టెక్సస్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్న నేను, మావారికి జర్మనీలో మూడేళ్ల పోస్టింగ్ వచ్చినప్పుడు, ల్యాప్‌టాప్ ఉంటే ఎక్కడినుంచైనా పని చేసుకోవచ్చన్న ఒక్క ధైర్యంతో విమానం ఎక్కాను.

ఆ ధైర్యం పదకొండు రోజులు నిలిచింది. పన్నెండో రోజు సాయంత్రం నాలుగు గంటలకు, అంటే టెక్సస్‌లో ఉదయం తొమ్మిదికి, వంటగదిలోని బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిస్తే పాస్‌వర్డ్ పనిచేయలేదు. పావుగంటలో హెచ్‌ఆర్ నుంచి ఫోన్ వచ్చింది. "మీరిప్పుడు ఏ దేశంలో ఉన్నారు?" అన్నదే వారి మొదటి ప్రశ్న. నా మేనేజర్‌కు నేను వెళ్తున్న సంగతి తెలుసు, సరేనన్నారు కూడా. కానీ ఆ "సరే" మాటగానే మిగిలింది తప్ప కాగితం మీదికి రాలేదు. జర్మనీలో కూర్చుని పనిచేసే ఉద్యోగి వల్ల అక్కడి పన్ను చట్టం, కార్మిక చట్టం తమకు వర్తిస్తాయేమోనని కంపెనీ భయపడింది. వారంలో నా ఉద్యోగం పోయింది. అప్పుడు కోపం వచ్చిన మాట నిజమే గాని, తప్పు ఎక్కడ జరిగిందో నిదానంగా ఆలోచిస్తే, అడగవలసిన ప్రశ్నలను అడగవలసిన వరుసలో నేను అడగలేదని అర్థమైంది.

ఈ ఇబ్బంది నా ఒక్కదానిది కాదు. అమెరికా రక్షణ శాఖ 2021లో జరిపిన సర్వేలో, సర్వీసులో ఉన్న సైనికుల జీవిత భాగస్వాముల్లో ఉద్యోగం వెతుక్కుంటున్నా దొరకని వారు 21 శాతం అని తేలింది. అది దేశంలో ఉన్నవారిని, విదేశాల్లో ఉన్నవారిని కలిపి చెప్పిన లెక్క. జర్మనీలోని రామ్‌స్టయిన్, గ్రాఫెన్‌వోయర్, ఇటలీలోని విచెన్జా, జపాన్‌లోని యొకొసుకా, ఒకినావా, దక్షిణ కొరియాలోని క్యాంప్ హంఫ్రీస్ వంటి చోట్లకు వెళ్లేవారికి భాష, వీసా, గంటల తేడా అనే మరో మూడు అడ్డంకులు అదనం. అక్కడ కనిపించే దారులు ప్రధానంగా నాలుగు: అమెరికాలోని ఉద్యోగాన్ని దూరం నుంచే కొనసాగించడం, బేస్‌లోనే, అంటే అక్కడి అమెరికా సైనిక స్థావరంలోనే, ఉద్యోగం చూసుకోవడం, ఆ దేశపు సంస్థలో చేరడం, ఆ రెండు మూడేళ్లను చదువుకో లైసెన్సుకో వినియోగించుకోవడం. వీటిని మొదటి నెల జీతంతో పోల్చకూడదన్నది నా నిశ్చితాభిప్రాయం. పోస్టింగ్ ముగిసి తిరిగి వచ్చేటప్పుడు చేతిలో ఏం మిగులుతుందన్న దానితోనే పోల్చాలి.

ముందు హోదా, ఆ తర్వాతే ఉద్యోగం

ఏ దారిని పట్టాలన్నా మొదట తేల్చుకోవలసింది మీ చట్టబద్ధమైన హోదా. సైనికుడి వెంట వెళ్లే కుటుంబ సభ్యులు ఆ దేశంలో ఉండేది పర్యాటకులుగానో వలస వచ్చినవారిగానో కాదు. సోఫా అని అందరూ పిలిచే సైనిక ఒప్పందం కింద ఉంటారు. నాటో దేశాలతో ఈ ఒప్పందం 1951లో జరిగింది. జర్మనీకి దానిపై అదనపు ఒప్పందం ఉంది. జపాన్‌తో 1960లో, దక్షిణ కొరియాతో 1966లో విడివిడిగా కుదిరాయి. అందువల్ల ఒక దేశంలో చెల్లిన పద్ధతి మరో దేశంలో చెల్లుతుందని అనుకోకూడదు. ఇటలీలో ఉన్న స్నేహితురాలి సలహాతో కొరియాలో ఉద్యోగం మొదలుపెట్టడం చాలా ప్రమాదం. ప్రతి పెద్ద బేస్‌లోనూ కుటుంబ సభ్యులకు ఉచితంగా సలహా ఇచ్చే లీగల్ ఆఫీసు ఉంటుంది. అక్కడికి వెళ్లి, ఏ పని, ఎవరి కోసం, ఎక్కడ కూర్చుని చేస్తారో మూడూ చెప్పి అడగాలి.

మన తెలుగువారి ఇళ్లలో దీనికి ఇంకో ముడి కూడా పడుతుంది. భర్త పౌరసత్వం పొందిన సైనికుడై, భార్య ఇంకా గ్రీన్‌కార్డు మీద, భారత పాస్‌పోర్టుతో ఉండే కుటుంబాలు తక్కువేమీ కావు. ఇలాంటి వారు ఆర్డర్లు అందగానే చూడవలసినది వలస చట్టంలోని 319(బి) అనే సెక్షన్. అమెరికా పౌరుడైన జీవిత భాగస్వామి ప్రభుత్వ సేవలో విదేశంలో నియమితుడైతే, గ్రీన్‌కార్డు ఉన్న భార్య లేదా భర్త మామూలుగా నిండవలసిన మూడేళ్ల నివాస కాలం కోసం ఆగకుండానే పౌరసత్వానికి దరఖాస్తు చేసుకునే వీలును అది కల్పిస్తుంది. ఆ దారిలో ఇంటర్వ్యూ, ప్రమాణం అమెరికాలో పూర్తి చేసుకోవాలి. దానికి తోడు 319(ఇ) అనే మరో సెక్షన్ ఉంది. సైనికుడి వెంట అధికారిక ఆర్డర్ల మీద విదేశంలో గడిపిన కాలాన్ని అది అమెరికాలో గడిపిన కాలంగానే లెక్కిస్తుంది. ఆ దారిలో ప్రమాణాన్ని విదేశంలోనే చేసే అవకాశం కూడా ఉంది. ఉద్యోగాల గురించి చెబుతూ పౌరసత్వం మాట ఎందుకంటే, బేస్‌లో మంచి ఉద్యోగాల్లో అత్యధికం అమెరికా పౌరులకే ఇస్తారు. నా దృష్టిలో, ఈ స్థితిలో ఉన్నవారు వెళ్లకముందు చేసుకోగల అన్ని పనుల్లోనూ ఎక్కువ ఫలితమిచ్చేది ఈ దరఖాస్తే.

మరో మాట. "ఆ మూడేళ్లూ నువ్వు ఇండియాలో మా దగ్గరుండి ఉద్యోగం చేసుకోరాదూ" అని పుట్టింటివారు ప్రేమతో పిలుస్తారు. పౌరసత్వం ఉన్నవారి సంగతి వేరు. గ్రీన్‌కార్డు మీద ఉన్నవారికి మాత్రం, విదేశంలో ఉన్నా నివాసం వదులుకున్నట్టు కాదని చట్టమిచ్చే రక్షణ, ఆర్డర్ల ప్రకారం సైనికుడితో కలిసి ఉంటేనే వర్తిస్తుంది. అతను జర్మనీలో, ఆమె గుంటూరులో ఉంటే ఆ రక్షణ ఉండదు. ఏళ్ల తరబడి ఉండే ఆలోచన చేసేముందు ఈ ఒక్క సంగతీ న్యాయవాదితో తేల్చుకోవాలి.

ఉన్న ఉద్యోగాన్నే దూరం నుంచి చేయడం

కుదిరితే ఇది అన్నిటికన్నా మంచి దారి. జీతం తగ్గదు, అనుభవంలో ఖాళీ పడదు, వచ్చే పోస్టింగ్‌కూ పనికొస్తుంది. కుదరడమే కష్టం. కంపెనీ అనుమతి రాతపూర్వకంగా, దేశం పేరుతో సహా, హెచ్‌ఆర్ నుంచీ వారి లీగల్ విభాగం నుంచీ రావాలి. మేనేజర్ మాట చాలదు. ఆ దేశంలో అలా పనిచేస్తే అక్కడి పన్ను మీకు వర్తిస్తుందా అన్నది బేస్ లీగల్ ఆఫీసును అడగాలి. జర్మనీలో ఈ ప్రశ్న చాలా కుటుంబాలను ఇబ్బంది పెట్టింది. సైనికుడి జీతానికి ఉన్న పన్ను మినహాయింపు, భార్య ఒక అమెరికా ప్రైవేటు కంపెనీకి ఇంట్లో కూర్చుని చేసే పనికి తానంతట తాను వచ్చి చేరదు. వీపీఎన్ పెట్టుకుని టెక్సస్‌లోనే ఉన్నట్టు చూపించండని సలహా ఇచ్చేవారు తప్పకుండా తగులుతారు. అలా దొరికిపోతే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు, మంచి రిఫరెన్సు కూడా పోతుంది. దయచేసి ఆ పని చేయకండి.

ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగం ఉన్నవారికి డెటో అనే ఏర్పాటు ఉంది. అమెరికాలోని పోస్టులో ఉన్న ఉద్యోగి విదేశం నుంచి టెలివర్క్ చేయడానికి విదేశాంగ శాఖ, సొంత శాఖ కలిసి ఇచ్చే అనుమతి అది. 2023 జూన్‌లో వెలువడిన 14100వ అధ్యక్ష ఉత్తర్వు సైనికుల భాగస్వాములకు దీన్ని సులభతరం చేయమని ఆదేశించింది. అయినా అనుమతికి నెలలు పట్టవచ్చు గనుక, ఆర్డర్లు చేతికి వచ్చిన వారంలోనే దరఖాస్తు కదిలించాలి.

గంటల తేడాను కూడా తేలికగా తీసుకోకూడదు. న్యూయార్క్ కన్నా జర్మనీ ఆరు గంటలు ముందుంటుంది. మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి పదకొండు వరకు పనిచేస్తే రోజు సరిపోతుంది. ఉదయమంతా చేతిలో ఉంటుంది గాని, పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు మీరు మీటింగుల్లో కూర్చుంటారు. జపాన్, కొరియాలకు తేడా పదమూడు, పద్నాలుగు గంటలు. అంటే పగలు నిద్ర, రాత్రి పని. సైనికుడు శిక్షణకు నెలల తరబడి వెళ్లినప్పుడు ఇంట్లో రెండో మనిషి ఉండరు. చిన్నపిల్లలున్న తల్లి జపాన్ నుంచి పూర్తికాలం న్యూయార్క్ గంటలు పనిచేయడం ఏడాదికి మించి సాగుతుందని నేను నమ్మలేను. పనిని గంటలతో కాక ఫలితంతో లెక్కించే ఉద్యోగమైతే తప్ప, ఆసియా పోస్టింగ్‌కు ఈ దారిని నేను సూచించను.

స్వతంత్రంగా కాంట్రాక్టు మీద పనిచేసేవారు రెండు లెక్కలు గుర్తుంచుకోవాలి. విదేశంలో సంపాదించిన ఆదాయానికి అమెరికా ఆదాయపు పన్నులో ఒక పరిమితి వరకు మినహాయింపు ఉంది. 2025 సంవత్సరానికి ఆ పరిమితి 1,30,000 డాలర్లు. దానికి వరుసగా పన్నెండు నెలల్లో 330 రోజులు విదేశంలో ఉండడం వంటి నిబంధన ఉంది. అయితే 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను ఆ మినహాయింపు వచ్చినా తప్పదు. ఇంటినుంచి వస్తువులు అమ్మే ఆలోచన ఉన్నవారు బేస్ అనుమతి లేకుండా మొదలుపెట్టకూడదు. పన్ను లేకుండా బేస్ దుకాణంలో కొన్నదాన్ని బయట అమ్మడం నిషిద్ధం.

బేస్‌లోపలి ఉద్యోగం: రెండక్షరాల్లో ఉన్న తేడా

నా ఉద్యోగం పోయిన నాలుగు నెలలకు, ఒకే వారంలో రెండు అవకాశాలు వచ్చాయి. మొదటిది బేస్‌లోని వినోద కార్యక్రమాల విభాగంలో ఈవెంట్లు నిర్వహించే పని. గంటకు జీతం మెరుగ్గా ఉంది, పని హుషారుగా ఉంది. రెండోది బడ్జెట్ ఆఫీసులో సహాయకురాలి పని. జీతం తక్కువ, రోజంతా ఎక్సెల్ షీట్లు, కాలపరిమితి ఉన్న నియామకం. రెండు ప్రకటనలనూ ప్రింటు తీసి పక్కపక్కన పెట్టుకుని చదివాను. పే ప్లాన్ అన్న గడిలో మొదటిదానికి ఎన్‌ఎఫ్ అని, రెండోదానికి జీఎస్ అని ఉంది. ఆ రెండక్షరాలకు అర్థమేమిటో మా పై అంతస్తులో ఉండే ఒక పెద్దావిడ, అంతకుముందు మూడు దేశాల్లో కాపురం చేసినామె, ఆ సాయంత్రం కూర్చోబెట్టి వివరించింది. నేను బడ్జెట్ ఆఫీసులో చేరాను. దాని ఫలితం తిరిగి వచ్చాక కనిపించింది.

సంగతి ఇది. బేస్‌లో కొన్ని ఉద్యోగాలకు జీతం అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ కేటాయించే నిధుల నుంచి వస్తుంది. జీఎస్ అనే ఫెడరల్ జీతాల వరుసలోని ఉద్యోగాలు ఈ కోవలోవి. మరికొన్నిటికి బేస్ దుకాణాలు, క్లబ్బులు, జిమ్‌లు, శిశు సంరక్షణ కేంద్రాలు వంటివాటి సొంత ఆదాయం నుంచి వస్తుంది. వీటిని నాఫ్ అంటారు. ఎన్‌ఎఫ్ అనేది ఆ నాఫ్ జీతాల వరుసే. పనిచేసే చోటు ఒకటే, గేటు ఒకటే. కానీ 1990లో వచ్చిన 12721వ అధ్యక్ష ఉత్తర్వు ప్రకారం, విదేశీ పోస్టింగ్‌లో కాంగ్రెస్ నిధుల ఉద్యోగాన్ని 52 వారాలు సంతృప్తికరంగా చేసిన కుటుంబ సభ్యులకు, అమెరికా తిరిగి వచ్చిన తర్వాత మూడేళ్ల పాటు బహిరంగ పోటీ లేకుండా ఫెడరల్ ఉద్యోగంలోకి తీసుకునే అర్హత వస్తుంది. నాఫ్‌లో చేసిన వారాలు ఈ 52లోకి రావు.

నాఫ్ ఉద్యోగులకూ ఒక దారి లేకపోలేదు. కాలపరిమితి లేని నాఫ్ నియామకంలో ఏడాది ఆగకుండా చేసినవారిని ఫెడరల్ ఉద్యోగంలోకి తీసుకునేందుకు వేరే ఒప్పందం ఉంది. అది ఉద్యోగంలో ఉండగా వాడుకునేవారికి పనికొస్తుంది. పోస్టింగ్ ముగిసిందని మీరే రాజీనామా చేసి వచ్చేస్తే సాధారణంగా చేజారిపోతుంది. మాతో పాటే తిరిగి వచ్చిన ఒక స్నేహితురాలు పద్నాలుగు నెలలు జిమ్ ఫ్రంట్ డెస్క్‌ను ఎంతో బాగా నడిపింది, ప్రశంసాపత్రాలు కూడా వచ్చాయి. ఇక్కడికి వచ్చి దరఖాస్తు పెట్టినప్పుడు ఆ అర్హత తనకు లేదని తెలిసి, "ఒక్కరైనా ముందు చెప్పలేదే" అని ఏడ్చింది. ఈ వ్యాసం రాయడానికి పెద్ద కారణం ఆమే.

52 వారాలన్న లెక్కను క్యాలెండర్ మీద గుర్తుపెట్టుకోవాలి. రెండేళ్ల పోస్టింగ్‌లో మొదటి ఎనిమిది నెలలు ఇల్లు సర్దుకోవడంలో, తర్వాత మూడు నెలలు నియామక ప్రక్రియలో గడిస్తే మిగిలే సమయం చాలా ఇరుకు. 49వ వారంలో వెళ్లిపోవలసి వస్తే దాదాపుగా అంతా పోయినట్టే. యుద్ధం, ప్రకృతి వైపరీత్యం, బేస్ మూసివేత వంటి కారణాలతో గడువు తగ్గిపోయినప్పుడు 26 వారాల వరకు సడలించే వీలుంది గాని, మామూలు బదిలీకి అది వర్తించదు. అందుకే చేరేది ఏ స్థాయి ఉద్యోగమైనా, త్వరగా చేరడమే మేలు. మన వాళ్లు "ఎంటెక్ చేసి గుమస్తా ఉద్యోగమా" అని సంకోచిస్తారు. ఆ సంకోచానికి నేనూ నెల రోజులు బలి ఇచ్చాను.

ఇది కాక 13473వ ఉత్తర్వు ద్వారా 2008 నుంచి సైనికుల భాగస్వాములను పోటీ లేకుండా నియమించే అధికారం శాఖలకు ఉంది. దాని పరిధిని తర్వాత విస్తరించారు. విదేశీ బేస్‌లలో భాగస్వాములకు నియామకాల్లో ప్రాధాన్యం కూడా ఉంటుంది. అయినా ప్రాధాన్యం వేరు, ఖాళీ ఉండడం వేరు. 2025 జనవరిలో ఫెడరల్ నియామకాలను స్తంభింపజేసినప్పుడు విదేశాల్లో ఉన్న కుటుంబాలు ఎంత అల్లాడాయో చూశాం. వాషింగ్టన్‌లో తీసుకునే ఒక నిర్ణయం మీద మీ ఏడాది ఆధారపడి ఉంటుంది గనుక, ఈ ఒక్క దారినే నమ్ముకుని కూర్చోకుండా పక్కన చదువునో పరీక్షనో పెట్టుకోవాలి.

సాఫ్ట్‌వేర్ వారికి బేస్‌లో మూడో తరహా ఉద్యోగాలు ఉంటాయి: కాంట్రాక్టు కంపెనీల ఐటీ పోస్టులు. జీతం బాగుంటుంది. రక్షణ శాఖ వ్యవస్థల మీద పనిచేసేవారికి సెక్యూరిటీ ప్లస్ వంటి కంప్యూటర్ భద్రత సర్టిఫికెట్ అడుగుతారు, చాలావాటికి క్లియరెన్సు, అంటే రహస్య సమాచారం చూసే అనుమతి, దానికి పౌరసత్వం కావాలి. జర్మనీలో ఇలాంటి నియామకానికి డాక్‌పర్ అనే ఆఫీసు ద్వారా ప్రత్యేక ప్రక్రియ ఉంటుంది. అది కంపెనీ చేయించాలి గాని మీరు చేయించుకునేది కాదు.

శిశు సంరక్షణ కేంద్రాల గురించి ఒక్క మాట వేరుగా చెప్పాలి. అవి ఎక్కువగా నాఫ్ ఉద్యోగాలే. అయినా అక్కడ దాదాపు ఎప్పుడూ మనుషులు కావాలి, ఉద్యోగుల మొదటి బిడ్డ ఫీజులో పెద్ద రాయితీ ఇస్తారు, ఆర్మీలో అయితే ఒక బేస్ కేంద్రం నుంచి మరో బేస్ కేంద్రానికి ఉద్యోగం పోకుండానే బదిలీ చేయించుకునే ఏర్పాటు ఉంది. పిల్లల రంగంలోనే స్థిరపడాలనుకునేవారికి ఇంతకన్నా సులువుగా వెంట వచ్చే ఉద్యోగం మరొకటి లేదు.

ఆ దేశపు సంస్థలో ఉద్యోగం

ఈ దారిని తక్కువ మాటల్లో ముగిస్తాను, ఎందుకంటే రెండు మూడేళ్ల కోసం ఇది కొద్దిమందికే సరిపడుతుంది. జర్మన్ కంపెనీలో చేరితే జర్మన్ పన్నులు, సామాజిక బీమా కట్టాలి. అమెరికాలోనూ రిటర్ను దాఖలు చేయాలి. నర్సుగా పనిచేయాలంటే జర్మన్ భాషలో బీ2 స్థాయి, డిగ్రీ గుర్తింపు కావాలి. మొదటి పాఠం నుంచి ఆ స్థాయికి చేరేసరికే పోస్టింగ్‌లో సగం గడిచిపోతుంది. ఇంగ్లీషులో పనిచేసే ఐటీ సంస్థలు పెద్ద నగరాల్లో ఉన్నాయి. బేస్‌లు మాత్రం చాలావరకు పల్లెల దగ్గర ఉన్నాయి. కొరియాలో బయటి ఉద్యోగానికి కొరియా ఇమ్మిగ్రేషన్ అనుమతి తీసుకోవాలి. పోస్టింగ్ తర్వాత కూడా యూరప్‌లో ఉండే ఉద్దేశం ఉన్నవారికో, ఆ భాష ముందే వచ్చినవారికో అయితే మాత్రం ఇది మంచి అనుభవం.

చదువు, లైసెన్సు, పరీక్ష

ఉద్యోగం దొరకని కాలాన్ని చదువుతో నింపమని అందరూ చెబుతారు. నేను మరోలా చెబుతాను: నర్సులు, టీచర్లు, డాక్టర్లు, అకౌంటెంట్లు ఉద్యోగం దొరికినా దొరకకపోయినా దీన్నే మొదటి దారిగా పెట్టుకోవాలి. లైసెన్సు ఒకసారి జారిపోతే తిరిగి తెచ్చుకోవడానికి పట్టే కాలం, ఒక ఏడాది జీతం కన్నా విలువైనది.

ఒకినావాలో ఉన్న మా బంధువుల అమ్మాయి, నెల్లూరులో నర్సింగ్ చదివి టెక్సస్‌లో ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) లైసెన్సు తెచ్చుకున్నది, వెళ్లిన కొత్తలో రోజూ ఫోన్ చేసేది. "అక్కా, ఇక్కడ ఆసుపత్రిలో ఖాళీల్లేవట, ఇంట్లో కూర్చుంటే చేతులు మర్చిపోతాయేమో" అనేది. ఆమె చేసిన పని చూడండి. టెక్సస్ రెండేళ్లకోసారి అడిగే 20 గంటల నిరంతర విద్యను ఆన్‌లైన్లో పూర్తి చేసి లైసెన్సును నిలబెట్టుకుంది. సైనిక ఆసుపత్రిలో రెడ్‌క్రాస్ స్వచ్ఛంద సేవకురాలిగా వారానికి రెండు రోజులు వెళ్లింది. ప్రతి నెలాఖరునా చేసిన గంటలు, చేసిన పని, పర్యవేక్షించిన అధికారి పేరు ఒక నోటు పుస్తకంలో రాసి, ఆ అధికారి చేత సంతకం పెట్టించుకుంది. ఫెడరల్ దరఖాస్తుల్లో స్వచ్ఛంద సేవను కూడా అనుభవంగా లెక్కిస్తారు. వారానికి ఎన్ని గంటలో, ఏ నెల నుంచి ఏ నెల వరకో రాయగలిగితేనే. ఏడు నెలలకు అదే ఆసుపత్రిలో ఖాళీ వచ్చినప్పుడు ఆమెను అడగకుండా పోలేదు. కొన్ని బేస్‌లలో రెడ్‌క్రాస్ దంత వైద్య సహాయకుల శిక్షణ కూడా ఇస్తుంది. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ.

డబ్బు సాయం రెండు చోట్ల నుంచి వస్తుంది. దిగువ, మధ్య ర్యాంకుల సైనికుల భాగస్వాములకు మైకా అనే పథకం లైసెన్సుకో, సర్టిఫికెట్‌కో, అసోసియేట్ డిగ్రీకో మొత్తం 4,000 డాలర్ల వరకు, ఏడాదికి 2,000 పరిమితితో ఇస్తుంది. బ్యాచిలర్స్, మాస్టర్స్ డిగ్రీలకు ఇవ్వదు. సైనికుడికి ర్యాంకు పెరిగి పరిధి దాటితే అర్హత పోతుంది గనుక ప్రమోషన్‌కు ముందే ప్రణాళిక ఆమోదింపజేసుకోవాలి. పెద్ద చదువుకు జీఐ బిల్లు, అంటే సైనికులకు ప్రభుత్వమిచ్చే చదువు ఖర్చుల సాయం, ఉంది. ఆరేళ్ల సర్వీసు నిండిన సైనికుడు మరో నాలుగేళ్లు చేస్తానని ఒప్పుకుంటే ఆ ప్రయోజనాన్ని భార్యకో పిల్లలకో బదిలీ చేయవచ్చు. సైనికుడు సర్వీసులో ఉన్నంతకాలం భార్య చదివితే ఇంటి అద్దె భత్యం రాదు. అందువల్ల, పిల్లల కాలేజీకి దాచుకోవాలా, ఇప్పుడు వాడుకోవాలా అన్నది భార్యాభర్తలు కూర్చుని తేల్చుకోవలసిన విషయం. ఈ రెండిటికంటే ముందు మిలిటరీ వన్‌సోర్స్ అనే రక్షణ శాఖ సహాయ సేవ ద్వారా దొరికే సెకో ఉద్యోగ సలహాదారులతో ఫోన్లో మాట్లాడండి; ఖర్చు లేదు, విదేశం నుంచీ మాట్లాడవచ్చు.

బేస్‌లలోనే తరగతులు నడిపే సంస్థల్లో మేరీలాండ్ విశ్వవిద్యాలయ గ్లోబల్ క్యాంపస్‌ది పాత పేరు. యూరప్‌లో 1949 నుంచి, ఆసియాలో 1956 నుంచి ఉంది. ఇండియాలో ఎంబీబీఎస్ చేసినవారు అమెరికాలో వైద్య లైసెన్సుకు కావలసిన యూఎస్‌ఎంఎల్ఈ మొదటి రెండు రాతపరీక్షలను అమెరికా బయటి కేంద్రాల్లోనూ రాయవచ్చు. అకౌంటెంట్ల లైసెన్సుకు రాసే సీపీఏ పరీక్షకు జర్మనీ, జపాన్‌లలో కేంద్రాలున్నాయి. తిరిగి వచ్చాక మరో రాష్ట్రానికి బదిలీ అయితే, అక్కడ లైసెన్సు చెల్లుబాటయ్యేలా 2023 జనవరిలో ఫెడరల్ చట్టాన్ని సవరించారు. ఆ సవరణ మొదట న్యాయవాద లైసెన్సులకు వర్తించలేదు. కొత్త లైసెన్సు ఖర్చులకు సైన్యం 1,000 డాలర్ల వరకు తిరిగి చెల్లిస్తుంది, రసీదులు దాచుకోవాలి.

ఎవరికి ఏది

పౌరసత్వం ఉండి, ఫెడరల్ ఉద్యోగంలో స్థిరపడాలనుకునేవారు జీతం చూడకుండా జీఎస్ ఉద్యోగంలో వీలైనంత త్వరగా చేరి 52 వారాలు నింపాలి. సాఫ్ట్‌వేర్‌లో ఉండి జర్మనీకో ఇటలీకో వెళ్తున్నవారు వెళ్లడానికి మూడు నెలల ముందే కంపెనీ నుంచి రాతపూర్వక అనుమతి అడగాలి. రాకపోతే అది లేదన్నట్టే అనుకుని, అక్కడికి చేరేలోగా సెక్యూరిటీ ప్లస్ పూర్తి చేసుకోవాలి. అదే రంగంలో ఉండి జపాన్‌కో కొరియాకో వెళ్తున్నవారికి సగం రోజుల కాంట్రాక్టు పని, బేస్ ఉద్యోగం మేలు. గ్రీన్‌కార్డు మీద ఉన్నవారికి పౌరసత్వమే మొదటి పని. అది చేతికి వచ్చేదాకా చదువు, లైసెన్సు. లైసెన్సు వృత్తుల వారు దాన్ని కాపాడుకుంటూ గంటలు పోగేసుకోవాలి. రెండేళ్లలోపు పిల్లలున్నవారు బేస్ సంరక్షణ కేంద్రంలో వెయిటింగ్ లిస్టులో పేరు నమోదు చేశాకే మిగతా ఆలోచన చేయాలి. ఆ పేరు కమాండ్ స్పాన్సర్‌షిప్ (కుటుంబం వెంట రావడానికి సైన్యం ఇచ్చే అనుమతి) ఖాయమైన వెంటనే, అమెరికా నుంచే ఇవ్వవచ్చు.

ఇక వచ్చేముందు చేయవలసినది. బేస్ ఉద్యోగం మానేసిన మరుసటి రోజునుంచి ఆఫీసు కంప్యూటరు తెరుచుకోదు. కాబట్టి ఆఖరి వారంలోపే మీ నియామకం మొదలైనట్టు, ముగిసినట్టు చూపే ఎస్‌ఎఫ్-50 అనే ఫెడరల్ ఉద్యోగ కాగితాలు, పనితీరు రేటింగు, కుటుంబ సభ్యురాలిగా మీ పేరున్న ఆర్డర్ల ప్రతి, విదేశానికి చేరిన తేదీ, తిరిగి వచ్చిన తేదీ చూపే కాగితాలు అన్నీ సొంత ఈమెయిల్‌లో ఒక ప్రతి, అట్టపెట్టెల్లో కాకుండా చేతి సంచిలో ఒక ప్రతి పెట్టుకోండి. మా సామాను ఓడలో వచ్చి ఇల్లు చేరడానికి తొమ్మిది వారాలు పట్టింది. నా ఇంటర్వ్యూ మూడో వారంలో వచ్చింది.